నెల్డా తిరిగొచ్చిన శనివారం

టకర్ బెండ్, అలబామా
16 ఆగస్టు 1987

చెల్లెమ్మ జీనీకి,

నీ తుంటి ఎముక అతుక్కుంటోందని నీ కూతురు పాలెట్ రాసింది. సంతోషం. చిన్నప్పుడు వద్దన్న చెట్టల్లా ఎక్కావు, ఇప్పుడు ఈ వయసులో కూతురింటి మెట్ల మీంచి పడ్డావు. నీకు బుద్ధి చెప్పే ఓపిక నాకు లేదు గానీ, డాక్టరు నడవమనేదాకా నడవకు.

నేను బాగానే ఉన్నాను. చెవులే మరీ మొండికేశాయి. ఫోనెత్తితే తేనెటీగల రొద తప్ప ఇంకేమీ వినబడదు. అందుకని ఏదున్నా ఉత్తరమే రాయి. టమాటాలు ఈ ఏడు విరగకాశాయి. పొద్దున రొట్టెలో టమాటా, మధ్యాహ్నం రొట్టెలో టమాటా, రాత్రికి వండటానికి బద్ధకమేస్తే మళ్లీ అదే. మీ వదిన బెర్నీస్ బతికి ఉంటే తిట్టేది. ఒక్కణ్ణే కూర్చుని ఉప్పు చల్లుకుని తింటుంటే మాత్రం ప్రాణానికి హాయిగా ఉంది.

అసలు సంగతికొస్తాను. బ్యూఫర్డ్ కటింగ్ షాపులో ఒక మాట పుట్టింది. ఆ పెద్దమనిషి అక్టోబరులో ఊళ్లోకి వస్తున్నాడట. ఎవరో చెప్పక్కర్లేదు. మన ఊళ్లో ఆ పేరు ఏటా ఒక పందికి తప్ప ఇంకెవరికీ పెట్టం. కాలేజీవాళ్లు పిలిచి, ఆట మధ్యలో మైదానంలో నిలబెట్టి సన్మానం చేస్తారట. బ్యూఫర్డ్ సగం గడ్డం గీసినవాణ్ణి కుర్చీలోనే వదిలేసి ఒంటికాలిమీద లేచాడు. "వాడొస్తే ఊరు ఊరంతా వీపు తిప్పి నిలబడాలి. వెర్లన్, నువ్వే పెద్దవి, నువ్వే చూసుకో" అన్నాడు. చూసుకుంటానన్నాను.

నీకు ఫుట్‌బాల్ పట్టదు గనక గుర్తు చేస్తున్నాను. వాడు వెళ్లిపోయిన ఏడు మన కాలేజీ జట్టు నీలికొంగలు ఒక్క ఆటా ఓడలేదు. ఆఖరి పెద్ద ఆట ఇంకా మిగిలే ఉంది. నా కొడుకు కర్టిస్ ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గదిలో బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. రేడియోలో చెప్పారు, కోచ్ గార్లండ్ స్టైల్స్ మన శత్రుజట్టు క్లేబోర్న్ కంచరగాడిదల దగ్గరికి వెళ్లిపోయాడని. ఆ కుర్రాళ్లకు రేడియో చెప్పింది, ఆయన చెప్పలేదు. కర్టిస్ ఆ రోజు ఇంటికి ఒక్క బూటుతోనే వచ్చాడు. ఇప్పుడు వాడికీ పిల్లలున్నారు, వాడు మర్చిపోయాడట. నేను మర్చిపోలేదు.

నువ్వుండేది ఆ కంచరగాడిదల ఊళ్లోనే కదా. అక్కడేమైనా తెలిస్తే రాయి.

నీ అన్న,
వెర్లన్


క్లేబోర్న్, టెనెసీ
25 ఆగస్టు 1987

అన్నయ్యకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి రాలేదు.

ఎవరూ అతన్ని సన్మానానికి పిలవలేదు. అతను వస్తున్నది భార్య నెల్డా కోసం. నెల్డా పోయిన నెల చనిపోయింది. చాలాకాలంగా జబ్బుతో ఉంది. ఆ రోజు పొద్దున పాలెట్ నాకు కాఫీ ఇస్తూ చెప్పింది. ఆ కాఫీ అలాగే చల్లారిపోయింది.

నీకు తెలియని మాట ఒకటి చెప్తాను. నేనీ ఊరొచ్చిన మొదటి ఆదివారమే చర్చిలో నెల్డా కనబడింది. మన ఊరి క్వయిర్‌లో పక్కపక్కనే నిలబడి పాడిన వాళ్లం, ఇక్కడా అలాగే నిలబడ్డాం. నేను పడ్డాక రోజూ వచ్చేది, తనకే ఒంట్లో బాగోలేకపోయినా. నీకు రాయలేదు. రాస్తే ఉత్తరం చించేసేవాడివి, నాకు తెలుసు.

వాళ్లు టకర్ బెండ్ వదిలిన రోజు నీకు గుర్తుందో లేదో. నెల్డా ఆవరణలో అట్టపెట్టెల మధ్య నిలబడింది. వీధి వీధంతా కిటికీ తెరలు దించేశారు. నేను వెళ్లేసరికి కారు మలుపు తిరిగింది. తప్పు మొగుడిదైతే వీడ్కోలు ఆమెకు లేకుండా పోయింది.

మన చర్చి వెనక గుట్టమీద వాళ్ల బాబున్నాడు, పేరు పెట్టేలోపే పోయినవాడు. వాడి పక్కన పెట్టమని అడిగింది. ఇక్కడ దహనం చేయించి ఆ బూడిద పెట్టెలో ఉంచారు. అక్టోబరులో తీసుకొస్తాడట, తేదీ ఇంకా తెలియలేదు. నేను రాలేను. డాక్టరు కారెక్కడానికి కూడా వీల్లేదన్నాడు.

నా బదులు నువ్వు వెళ్లి నిలబడు అన్నయ్యా. నేనింతవరకు నిన్నేమీ అడగలేదు. ఆమె పక్కన మన ఇంటి మనిషి ఒకడుండాలి. అతనితో మాట్లాడక్కర్లేదు.

నీ చెల్లెలు,
జీనీ


టకర్ బెండ్
6 సెప్టెంబరు

చెల్లెమ్మకు,

నెల్డా సంగతి విని బాధపడ్డాను. మాట వరసకి అనడం లేదు. బెర్నీస్‌కి ఆపరేషనైనప్పుడు ఆమె బంగాళాదుంపల కూర తెచ్చి, అక్కడితో ఆగకుండా నా వంటింట్లో సింకు నిండా ఉన్న గిన్నెలు తోమి వెళ్లింది. "ఎందుకమ్మా నీకు శ్రమ" అంటే "గిన్నెలకేం తెలుసు వెర్లన్, ఎవరు తోమితే ఏం" అంది. అలాంటి మనిషి ఆ మనిషికెలా దొరికిందో.

నువ్వు మాత్రం ఇన్నాళ్లూ శత్రువుల బల్ల దగ్గర కూర్చుని కాఫీ తాగుతూ నాకు వాతావరణం గురించి ఉత్తరాలు రాశావన్నమాట. వాళ్ల జట్టు ఎర్ర కోటు కూడా కొనుక్కున్నావేమో చెప్పు. కంచరగాడిదలా సకిలించడం నేర్చుకున్నావేమో పాలెట్‌ని అడుగుతాను.

సరే, వెళ్తాను. నీ కోసం, నెల్డా కోసం. సోమవారమైనా, బుధవారమైనా, వానైనా. ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడతాను. వాడి వైపు చూడను. దహనం చేయించడం మాత్రం నాకు నచ్చలేదు. మన వైపు మనిషిని నిండుగా మట్టిలో పెడతాం. అదీ వాడి పనే అయ్యుంటుంది.

నిన్న మొదటి ఆట గెలిచాం. క్వార్టర్‌బ్యాక్ కొత్తవాడు, బంతి విసరడం చూస్తే చేపలకు గాలం వేస్తున్నట్టుంటుంది గానీ ఎలాగో గెలిపించాడు. ఈ ఏటి పందిని కూడా మాట్లాడేశాను. కంచరగాడిదలతో ఆట రోజున ఎప్పటిలాగే కాలుస్తాం. కాస్త పొట్టిదే గానీ మెడ బలుపు చూస్తే పేరు సరిగ్గా సరిపోతుంది.

నీ అన్న,
వెర్లన్


క్లేబోర్న్
15 సెప్టెంబరు

అన్నయ్యా,

నువ్వు ఒప్పుకున్నావని చదివి పాలెట్‌ని పిలిచి మరీ చెప్పాను. రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఎర్ర కోటు కొనలేదు. పాలెట్ మొగుడిది ఒకటుంది, చలేస్తే కప్పుకుంటాను. కోపం తెచ్చుకోకు, చాలా వెచ్చగా ఉంటుంది.

దహనం నెల్డా కోరికే. "పెద్ద పెట్టెయితే నలుగురు మగాళ్లు మోయాలి జీనీ, అక్కడ నన్ను మోయడానికి నలుగురెక్కడ దొరుకుతారు? చిన్నదైతే గార్లండ్ ఒక్కడే పట్టుకోగలడు" అంది. చాలా మామూలుగా అంది, కూరలో ఉప్పు గురించి చెప్పినట్టు.

తేదీ తెలిసింది. అక్టోబరు పది, శనివారం, మధ్యాహ్నం రెండింటికి. మన పాస్టరుగారే ప్రార్థన చేస్తారట. వాతావరణం కూడా బాగుంటుంది ఆ రోజుల్లో. నా తరఫున పసుపు చేమంతులు పట్టుకెళ్లు. ఆమెకవి ఇష్టం.

నీ చెల్లెలు,
జీనీ


టకర్ బెండ్
22 సెప్టెంబరు

జీనీకి,

అక్టోబరు పది శనివారమని రాశావు. రెండు గంటలకని రాశావు. ఆ రోజేమిటో నీకు తెలియదు, తెలియకపోవడం నీ తప్పు కాదు, నువ్వు పుట్టిందే అలా. కానీ వాడికి తెలుసు. అది కంచరగాడిదలతో మన ఆట రోజు. మన మైదానంలో. రెండు గంటలకే మొదలు.

ఏడాదికి ఇన్ని రోజులుంటే ఆ రోజే దొరికిందా? ఈ దేశంలో శరత్కాలపు శనివారం మధ్యాహ్నం ఎవరూ పెళ్లి పెట్టరు, సమాధీ పెట్టరు. ఆ సంగతి గార్లండ్ స్టైల్స్‌కి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. కావాలని చేశాడు. "నా భార్య కోసం మీ ఆట వదులుకుంటారా, లేకపోతే మీరే పాపాత్ములు" అని మనందరి నెత్తినా పెట్టాడు. వెళ్లిపోయినప్పుడు మా ఆట పాడు చేశాడు, తిరిగొచ్చి మళ్లీ అదే పని చేస్తున్నాడు.

షాపులో చెప్తే బ్యూఫర్డ్ కత్తెర కింద పెట్టేశాడు. "చూశావా, చావును కూడా ఆటలో ఎత్తులా వాడుకుంటున్నాడు" అన్నాడు. నాకు ఆ మాట మరీ మోటుగా తోచింది, కానీ కాదనలేకపోయాను.

ఇంకే రోజైనా వెళ్తాను జీనీ. ఆ రోజు కుదరదు. పంది నా చేతిమీద ఉంది. నా సీటు నా సీటు. ఆదివారం పొద్దున్నే పువ్వులు తీసుకెళ్లి నెల్డా దగ్గర ఎంతసేపు కావాలంటే అంతసేపు కూర్చుంటాను. ఆమె అర్థం చేసుకుంటుంది.

వెర్లన్


క్లేబోర్న్
28 సెప్టెంబరు

అన్నయ్యకు,

నీ ఉత్తరం పట్టుకుని పాలెట్ చేత చక్రాల కుర్చీలో తోయించుకుని గార్లండ్ ఇంటికి వెళ్లాను. నీకున్నంత కోపంతోనే వెళ్లాను. వంటింట్లో ఒక్కడే కూర్చుని డబ్బాలోంచి సూపు తాగుతున్నాడు. "ఆ రోజే ఎందుకు పెట్టావు?" అని అడిగాను.

అతనేమన్నాడో అన్నది అన్నట్టే రాస్తాను. "ఆ టైముకి ఊళ్లో రోడ్డు మీద పిట్ట కూడా ఉండదమ్మా. అందరూ స్టేడియంలో ఉంటారు. గుట్ట మీదకి ఎవరూ రారు, రావాలా వద్దా అని ఎవరూ ఇబ్బంది పడక్కర్లేదు. నన్ను చూసి మొహం తిప్పుకున్నా ఫర్వాలేదు. నెల్డా చేతిలో ఉండగా తిప్పుకుంటే నేను తట్టుకోలేను."

నీ ఆట పాడు చెయ్యాలని పెట్టలేదు. నీ ఆట నీకు వదిలెయ్యాలనే పెట్టాడు.

నిన్ను ఇంక అడగను. పంది బాగా కాలాలని కోరుకుంటున్నాను.

ఇమజీన్


టకర్ బెండ్
12 అక్టోబరు

చెల్లెమ్మ జీనీకి,

నువ్వు "ఇమజీన్" అని పూర్తి పేరు సంతకం పెడితే ఇంట్లో అందరం దాక్కునేవాళ్లం, గుర్తుందా? ఈసారి దాక్కోవడానికి ఇంట్లో నేనొక్కణ్ణే. జవాబు రాయలేదని తిట్టుకుని ఉంటావు. రాయడానికి కూర్చుంటే ప్రతిసారీ వాదన మొదలయ్యేది, అందుకని రాయడం మానేసి చెయ్యాల్సింది చేశాను.

వెళ్లాను.

బుధవారం క్వయిర్ సాధన దగ్గరికి పోయి ఓలా మే వాళ్లకు నీ ఉత్తరంలో మాట చదివి వినిపించాను, నలుగురు మోయడానికి దొరకరన్న మాట. తర్వాత ఓలా మే, "మరి తిండి ఎక్కడికి పట్టుకెళ్లాలి? వాళ్లకిక్కడ ఇల్లు లేదుగా" అంది. చావింటికి గిన్నె పట్టుకెళ్లడం తప్ప మనకింకేం తెలుసు? చర్చి హాలు తెరవమన్నాను.

శనివారం రోడ్డు కాస్త రద్దీగా ఉంది, పని కొంచెం ఆలస్యంగా మొదలైంది. గుట్టమీద ఆడవాళ్లు అప్పటికే పాడుతున్నారు. వాడు, నేను, పాస్టరుగారు, క్వయిర్ మొత్తం. చేమంతులు పెట్టాను, నీ పేరు చెప్పే పెట్టాను. పెట్టె చాలా చిన్నది జీనీ. అది చూసి నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ప్రార్థన మధ్యలో స్టేడియం నుంచి ఒక్కసారిగా హోరు లేచింది. పాస్టరుగారు ఆగారు. నేను తలెత్తాను. ఎదురుగా వాడూ తలెత్తాడు. నా పాడు చెవులకు కూడా అర్థమైంది, అది మన టచ్‌డౌన్, మనకు పాయింట్లు. వాడికీ అర్థమైంది. ఇద్దరం మళ్లీ తలలు దించుకున్నాం.

ఇక హాలు సంగతి. బల్లలనిండా తిండి, చిక్కుళ్లు, మొక్కజొన్న రొట్టె, అరటిపండు పుడ్డింగ్. మాంసం మాత్రం ఏదీ లేదు, ఎందుకంటే ఆ రోజు ఊళ్లో మాంసమంతా నేను పంది కాల్చే నిప్పుల గుంటమీదే ఉంది. ఏం చెయ్యను? సగం పంది హాలుకి తెచ్చాను. అంతా నిశ్శబ్దంగా, మర్యాదగా తింటున్నారు. ఓలా మేకి కళ్లు సరిగా ఆనవు కదా, ఎవరికి వడ్డిస్తోందో చూసుకోకుండా పళ్లెం పట్టుకుని వెళ్లి "ఇంకో ముక్క గార్లండ్ వెయ్యనా?" అంది. ఎదురుగా కూర్చున్నది గార్లండే.

ఫోర్కులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. వాడు ఓలా మే వంక చూశాడు, పళ్లెం వంక చూశాడు, చివరికి నా వంక చూశాడు. "ఎప్పట్నుంచి?" అన్నాడు. "నువ్వు వెళ్లిన ఏటినుంచి. ఏటా ఒకటి" అన్నాను. ఇంక దాచి ఏం లాభం?

వాడు తన పళ్లెం ముందుకు జరిపాడు. తర్వాత, "క్లేబోర్న్‌లో అంతకాలం పనిచేశాను, నా పేరు ఒక కోడిపిల్లకి కూడా పెట్టలేదు. వెయ్యమ్మా, మెడ దగ్గరిదే వెయ్యి" అన్నాడు. ముందుగా పాస్టరుగారు నవ్వారు. తర్వాత అందరం. సమాధి పెట్టి వచ్చిన వాళ్లం అలా నవ్వకూడదు, కానీ నెల్డా ఉంటే అందరికంటే ఎక్కువ నవ్వేది.

క్షమించేశానని అనుకోకు. గిన్నెలు ఎత్తేటప్పుడు వాడి దగ్గరికి వెళ్లి కర్టిస్ సంగతి అడిగాను, ఆ బూటు సంగతి. "వాళ్లకి నువ్వే చెప్పి ఉండాల్సింది" అన్నాను. "అవును" అన్నాడు. అంతే. సాకు చెప్పలేదు. చెప్పి ఉంటే పోట్లాడేవాణ్ణి, చెప్పలేదు గనక ఒక పుడ్డింగ్ పొట్లం కట్టి చేతికిచ్చాను.

ఆట ఓడిపోయాం. నేను సీట్లో లేకపోవడం వల్లేనని బ్యూఫర్డ్ నాతో మాట్లాడటం లేదు. ఇక నా జుట్టెవరు కత్తిరిస్తారో. అయినా మనసు నిండుగా ఉంది.

నీ అన్న,
వెర్లన్


క్లేబోర్న్
19 అక్టోబరు

అన్నయ్యా,

నీ ఉత్తరం, గార్లండ్ ఒకే రోజు వచ్చారు. ఉత్తరం పొద్దున, అతను సాయంత్రం. వరండాలో నా కుర్చీ పక్కన కూర్చుని, నువ్వు నాకు రాయనిదంతా చెప్పాడు. పంది సంగతి కూడా చెప్పాడు, దానికిద్దరం కళ్లనీళ్లొచ్చేలా నవ్వుకున్నాం. నేనిప్పుడు రాసేది దాని గురించి కాదు.

నువ్వు "రోడ్డు కాస్త రద్దీగా ఉంది" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు.

అతను చెప్పింది ఇది. వంతెన దగ్గరే కారు ఆగిపోయిందట. రోడ్డు రెండు వైపులా స్టేడియానికే వదిలేశారు, అన్ని కార్లూ ఎదురుగానే వస్తున్నాయి. పోలీసు వెనక్కి పొమ్మన్నాడు. అతను వెనక్కి తిప్పుకునేవాడే. పక్క సీట్లో నెల్డా పెట్టె, దానికి బెల్టు కట్టి ఉంచాడు. అప్పుడు నువ్వు కోటు వేసుకుని, నీలికొంగల టోపీ పెట్టుకుని గుట్ట కిందినుంచి నడుచుకుంటూ వచ్చావట. పలకరించలేదు. కిటికీలోంచి పెట్టె వంక చూశావు. "లైట్లు వెయ్యి. నా వెనక మెల్లిగా రా" అన్నావు. పోలీసుతో ఏదో అన్నావు, అతను పక్కకి తప్పుకున్నాడు.

తర్వాత టోపీ తీసి గుండెకి ఆనించుకుని రోడ్డు మధ్యలో, వచ్చే కార్లన్నిటికీ ఎదురు నడిచావు. వెనక లైట్లు వేసుకున్న ఒకే ఒక్క కారు. మొదట అందరూ హారన్లు కొట్టారట. ఎవడో కిటికీలోంచి తల బయటపెట్టి "ఏం తాతా, స్టేడియం అటుందా?" అని అరిచాడు. నువ్వు ఆగకుండానే "శవయాత్ర" అన్నావు.

ఆ బండి పక్కకి లాగి ఆగిపోయింది. దాని వెనకది ఆగింది. తర్వాత వంతెన నుంచి గుట్టదాకా అన్నీ ఆగిపోయాయి, నీలం జెండాలవీ, ఎర్ర జెండాలవీ. జనం దిగి రోడ్డు పక్కన నిలబడ్డారు. మగాళ్లు టోపీలు తీసేశారు.

గార్లండ్ ఇక్కడ ఆగి మొహం తుడుచుకున్నాడు. తర్వాత అన్నాడు, "వాళ్లు నన్ను గుర్తుపట్టారు జీనీ. కారు పక్కనుంచి వెళ్తుంటే ఒక్కొక్క మొహంలో తెలుస్తూనే ఉంది. 'ఇతనా' అన్నట్టు చూశారు. ఒక్కడు కూడా టోపీ మళ్లీ పెట్టుకోలేదు, నెల్డా దాటి వెళ్లేదాకా."

పాలెట్ గుమ్మంలో నిలబడి ఏడ్చింది. నేను ఏడవలేదు అన్నయ్యా. ఆమె ఊరు వదిలిన రోజు ఎవరూ బయటికి రాలేదు, తిరిగొచ్చిన రోజు ఊరంతా రోడ్డు మీద నిలబడింది. అది తలుచుకుంటూ ఆ ఎర్ర కోటు కప్పుకుని చీకటి పడేదాకా వరండాలోనే కూర్చున్నాను. చాలా సంతోషంగా ఉంది.

నీ చెల్లెలు,
జీనీ